‘స్మార్ట్’ అంటే మొదట నొప్పే



‘స్మార్ట్’ అనే మాట ఇప్పుడు ఇంటింటా వినబడుతోంది. చేతిలో స్మార్ట్‌ఫోను, గోడకు స్మార్ట్ టీవీ. చక్కగా తయారైన పిల్లవాణ్ణి చూసి ‘స్మార్ట్‌గా ఉన్నాడు’ అంటాము. నర్సింగ్ చదివేవారికి మాత్రం ఈ మాట ఇంకో అర్థంతోనూ ఎదురవుతుంది. గీరుకున్న చోట స్పిరిటు పడినా, కంట్లో సబ్బు నురగ పోయినా కలిగే మంటను ఇంగ్లీషులో ‘స్మార్టింగ్’ అంటారు.

నిజానికి ఇదే పాత అర్థం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘స్మెయోర్టన్’ అంటే నొప్పి పెట్టడం. దానికి చుట్టమైన ‘ష్మెర్ట్స్’ అనే మాటతోనే జర్మనులు నేటికీ నొప్పిని చెప్పుకుంటారు. ఇంగ్లీషులో అది చురుక్కుమనే దెబ్బ నుండి చురుకైన కదలికకు, చురుకైన బుద్ధికి, నీటైన దుస్తులకు పాకింది. మనకిది వింత కాదు. ఎండ చురుక్కుమంటుంది, పిల్ల చురుకైనది అంటాము కదా!

నొప్పిని తెలిపే మాటలు వైద్యానికి ఎంతో అవసరం. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ మెల్జాక్ 78 నొప్పి మాటలను 20 గుంపులుగా చేర్చి ఒక ప్రశ్నావళి ప్రచురించారు. అందులో ఒక గుంపు ఇది: చిమచిమ, దురద, చురుకు మంట, కుట్టినట్టుండే నొప్పి. ఈ మూడవదే ‘స్మార్టింగ్’.

మనకూ మాటలకు కొదువ లేదు. మంట, పోటు, సలుపు, తీపు, పీకు అన్నీ ఉన్నాయి. కాని వార్డులో ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగితే చాలామంది ‘నొప్పమ్మా’ అని ఊరుకుంటారు. ఆ ఒక్క మాటతో మాకు దారి దొరకదు.

మూత్రం పోసేటప్పుడు చురుక్కున మండితే ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్షించాలి. గుండె మీద బండ పెట్టినట్టు బరువుగా ఉండి చేతికో దవడకో లాగుతుంటే, గ్యాస్ అనుకొని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి. షుగరు ఉన్నవారికి అరికాళ్ళు మండుతున్నా, సూదులు గుచ్చినట్టున్నా నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. ఆ మంట పోయి పాదం మొద్దుబారితే నయమైందనుకోకండి. ముల్లు గుచ్చుకున్నా తెలియని పాదం ఇంకా ప్రమాదం. అటువంటివారు రోజూ పాదాలు చూసుకోవాలి, చెప్పులు లేకుండా నడవకూడదు.

ఈసారి వచ్చినప్పుడు నాలుగు సంగతులు చెప్పండి: నొప్పి ఎక్కడ, ఎలాంటిది, ఎప్పటినుండి, దేనివల్ల పెరుగుతుంది. ఇంగ్లీషు అక్కరలేదు. మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే చెప్పండి. వినడానికి మేమున్నాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్