పునాది చెమ్మ

నేలలోని నీరు పునాది గుండా గోడలలోనికి, గచ్చులోనికి చేరడాన్ని పునాది చెమ్మ అంటారు. పాత ఇళ్ళలోనే కాక కొత్తగా కట్టిన ఇళ్ళలో కూడా, ముఖ్యంగా మొదటి రెండు వర్షాకాలాలలో, ఇది కనిపిస్తుంది. కారణం తెలుసుకోకుండా పైపైన రంగులు వేయడం వలన ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

నీరు చేరే విధానం

ఇటుక, సిమెంటు, కాంక్రీటులలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. వీటి ద్వారా నీరు దీపపు వత్తిలో నూనె వలె పైకి పాకుతుంది. దీనిని కేశనాళికీయత అంటారు. రంధ్రం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు చేరుతుంది. సిద్ధాంతరీత్యా 1 మిల్లీమీటరు వ్యాసార్ధం గల గాజు గొట్టంలో నీరు సుమారు 1.5 సెంటీమీటర్లు ఎక్కితే, 0.01 మిల్లీమీటరు గొట్టంలో సుమారు 1.5 మీటర్లు ఎక్కుతుంది. గోడలలో కొంత నీరు ఆవిరైపోతుంది కనుక చెమ్మ సాధారణంగా ఒక మీటరు ఎత్తులోపే ఆగుతుంది.

సెల్లార్లలో పరిస్థితి వేరు. అక్కడ భూగర్భజలం ఒత్తిడితో లోపలికి వస్తుంది. ఒక మీటరు లోతు నీరు ప్రతి చదరపు మీటరుపై సుమారు ఒక టన్ను బలాన్ని చూపుతుంది. అందువలన చిన్న పగులు కూడా ఊటగా మారుతుంది.

కొత్త ఇళ్ళలో కారణాలు

* పునాది గుంతలను పూడ్చిన మట్టిని సరిగా దిమ్మిస చేయకపోతే అది వర్షాలకు కుంగి, వాన నీరు గోడ వైపు పారుతుంది.
* పునాదికి, గోడకు మధ్య తేమ నిరోధక పొర వేయకపోవడం, లేదా బయట పోసిన మట్టి ఆ పొర కంటే ఎత్తుగా ఉండడం.
* నీటి సంపు, మురుగు గొట్టాలు కారడం.
* నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుంచించుకుపోవడం వలన పునాదులు, గొట్టాలు పగలడం. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాలలో ఈ నేలలు విస్తారంగా ఉన్నాయి.

గుర్తించడం

గోడ అడుగున తడి మరక, తెల్లని ఉప్పు పొర, రంగు పొక్కులు, బూజు వాసన దీని లక్షణాలు. అయితే కొత్త ఇంటి గోడలలో నిర్మాణ సమయంలో వాడిన నీరు కొన్ని నెలల వరకు నిలిచి ఉంటుంది. ఈ తడి ఎండలకు క్రమంగా తగ్గి తిరిగి రాదు. పునాది చెమ్మ వర్షాలతో పాటు మళ్ళీ వస్తుంది.

గోడపై ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు మూసి అతికించి, ఒకటి రెండు రోజుల తరువాత పరిశీలించాలి. కాగితం వెనుక నీరు పడితే తేమ గోడ నుండి, గది వైపు పడితే గాలి నుండి వచ్చినట్లు. సంపును నింపి, నీరు వచ్చే, పోయే మార్గాలను మూసి, మట్టం వద్ద గుర్తు పెట్టి రాత్రంతా ఉంచితే అది కారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

నివారణ

నిర్మాణ సమయంలోనే పునాదిపై 40 నుండి 50 మిల్లీమీటర్ల మందంతో, నీటి నిరోధక ద్రవ్యం కలిపిన కాంక్రీటు పొర వేయడం అన్నిటికంటే చౌకైన మార్గం. భవనాలకు తేమ, నీటి నిరోధకత కల్పించే పద్ధతులను భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3067 వివరిస్తుంది.

ఇల్లు పూర్తయిన తరువాత పనులు బయటి నుండి మొదలుపెట్టాలి. ముందుగా డాబా నీటిని గొట్టాలతో దూరంగా పంపాలి. గోడ చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయాలి. కారే గొట్టాలను బాగుచేయాలి. అప్పటికీ తగ్గకపోతే పునాది పక్కన తవ్వి, బయటి ముఖానికి తారు పూతలు వేసి, కంకర నింపిన కాలువ ఏర్పరచాలి. లోపలి వైపు మాత్రమే దట్టమైన సిమెంటు పూత వేస్తే నీరు ఆవిరయ్యే దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

నిర్లక్ష్యం చేసిన చెమ్మ కాంక్రీటులోని ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. బూజు వలన ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది ఎక్కువవుతుంది.

చట్టపరమైన రక్షణ

స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016లోని 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపాన్ని తెలియజేస్తే, నిర్మాణదారు 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. లేకపోతే కొనుగోలుదారు నష్టపరిహారం పొందవచ్చు. స్వంత స్థలంలో మేస్త్రీతో కట్టించుకున్న ఇంటికి ఈ నిబంధన వర్తించదు. కనుక అటువంటివారు పునాది పూడ్చక ముందే పనిని పరిశీలించి, ఫోటోలు తీసి ఉంచుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* కేశనాళికీయత
* నల్లరేగడి నేల
* సిమెంటు