నిన్నటిదాకా బాగానే ఉంది కదా!

పెంపుడు కుక్క ఉన్నట్టుండి వింతగా ప్రవర్తిస్తే ముందుగా అనుమానించాల్సింది దాని ఒంటిని. పిల్లలు చెవులు పట్టి లాగినా ఏళ్ల తరబడి పలకని కుక్క ఒకరోజు గుర్రుమంటుంది. గిన్నె చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చేది మంచం కింద నుంచి కదలదు. ఇల్లు ఎన్నడూ తడపనిది సోఫా పక్కన నిలబడి పోసేస్తుంది. ఇంట్లోవాళ్లు వెంటనే పొగరు అంటారు, లేదంటే తిక్క అంటారు. గారాబం ఎక్కువైందని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు తేల్చేస్తారు. పశువైద్యుల అనుభవం మాత్రం వేరు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన పత్రం ప్రకారం, ప్రవర్తన బాగాలేదని నిపుణుల దగ్గరికి పంపిన కేసుల్లో తక్కువలో తక్కువ మూడోవంతు వెనక ఏదో ఒక నొప్పి ఉంది. కొన్ని సందర్భాల్లో ఈ వాటా 80 శాతం దాకా వెళ్లింది.

నొప్పి మాట

కాలు తలుపు సందులో పడితే కుక్క కుయ్యోమంటుంది. నెలల తరబడి సాగే నొప్పికి మాత్రం నోరు మెదపదు. దాని మీదే బరువు వేసి నడుస్తుంది, తింటుంది, తోక కూడా ఊపుతుంది. కుంటడం మొదలయ్యేసరికే జబ్బు చాలా దూరం వచ్చి ఉంటుంది. అంతకుముందు కనిపించేవన్నీ చిన్న గుర్తులు. కారు ఎక్కేముందు ఒక క్షణం తటపటాయిస్తుంది. మెట్ల దగ్గర ఆగి ఇంట్లోవాళ్ల మొహం చూస్తుంది. పడుకున్నాక నాలుగుసార్లు చోటు మార్చుకుంటుంది. ఒకే కీలును వెంట్రుకలు ఊడేదాకా నాకుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగా అమరకపోవడం, పొడుగు నడుము డాష్‌హండ్‌లలో వెన్నుపూసల మధ్య డిస్కు జారడం తరచూ కనిపిస్తాయి. డిస్కు జారిన కుక్కను చంకలో చెయ్యి వేసి ఎత్తబోతే కరవడానికి వస్తుంది. ఎత్తిన మనిషి మీద దానికి ఏ కోపమూ లేదు.

చెవినే తీసుకుంటే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. చెవులు వేలాడే కాకర్ స్పానియల్, లాబ్రడార్‌లలో స్నానం నీళ్లు లోపలే నిలిచి, వానాకాలపు ఉక్క తోడైతే ఫంగస్ పెరుగుతుంది. కుక్క తల విదిలిస్తుంది, చెవిని నేలకేసి రుద్దుతుంది, తల ఒక పక్కకు వాల్చి నడుస్తుంది. చెవి డొప్ప పైకెత్తి చూస్తే లోపల గోధుమరంగు జిడ్డు, పులిసిన పిండి లాంటి వాసన. ఆ స్థితిలో ఇంట్లో పిల్లవాడు అలవాటుగా తల నిమరబోతే కుక్క చటుక్కున పళ్లు చూపిస్తుంది. చెవికి మందు పడి వాపు తగ్గితే, చాలాసార్లు ఆ ‘కోపం’ కూడా దానితోపాటే పోతుంది. పళ్ల సంగతీ అంతే. గట్టి ఎముక కొరికి పన్ను పగిలిన కుక్క ఒకవైపే నములుతుంది, అన్నం ముద్ద నోట్లోంచి జారవిడుస్తుంది. గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా సహించదు.

ఇక్కడే ఇంట్లోవాళ్లు పెద్ద పొరపాటు చేస్తారు. గుర్రుమన్న కుక్కను కొడతారు. గుర్రుమనడం కుక్క చేసే హెచ్చరిక. దానికంటే ముందు మూతి నాక్కోవడం, ఆవులించడం, మొహం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు చూడటం వంటివి ఉంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోకపోతేనే గొంతు వాడుతుంది. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, నొప్పి అలాగే ఉంటుంది. తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. చెప్పాపెట్టకుండా కరిచిందని చెప్పుకొనే కుక్కల్లో చాలావాటి నోరు ఇలా ముందే మూయించి ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది రేబిస్

టీకాలు సరిగా పడని కుక్కలో, లేదా ఈమధ్య వేరే కుక్క కరిచిన కుక్కలో ప్రవర్తన మారితే లెక్క వేరు. అక్కడ మొదటి ప్రశ్న ఇంట్లో మనుషుల భద్రత. పిచ్చికుక్క అనగానే చొంగ కారుస్తూ వీధిలో కనపడినవాళ్లనల్లా కరిచే జంతువే గుర్తొస్తుంది. రేబిస్‌లో అదొక రూపం మాత్రమే. మొదటి రెండు మూడు రోజులు మార్పు చాలా మెత్తగా ఉండొచ్చు. చలాకీ కుక్క మూల చీకట్లో దూరుతుంది, బెదురు కుక్క అతిగా మీదికొస్తుంది. కరిచిన పాత గాయం దగ్గర గీరుకుంటుంది. గొంతు కండరాలు చచ్చుబడటంతో మొరుగు బొంగురుపోతుంది. తర్వాత రాళ్లు, కర్రలు, గొలుసు కొరకడం మొదలుపెట్టవచ్చు.

రెండో రూపం పక్షవాతం. ఇది ఎక్కువ మోసం చేస్తుంది. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగుడుపడదు. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని ఇంటి యజమాని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. వైరస్ ఉండేది ఆ చొంగలోనే. నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ కుక్క నీళ్ల గిన్నెలో మూతి పెట్టవచ్చు కూడా. అందుకే ‘నీళ్లు తాగుతోందిగా’ అన్న ధీమా పనికిరాదు.

వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి కుక్కల్లో సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. బయటపడ్డాక చికిత్స లేదు, పది రోజుల్లోపే కుక్క చనిపోతుంది. కరిచిన కుక్కను పది రోజులు గమనించమనడం ఈ లెక్కతోనే. అయితే కరిపించుకున్న మనిషి ఆ పది రోజులూ ఆగి చూడకూడదు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా పడాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం పాత టీకా నాటిది. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ టీకాను మన దేశంలో 2004 చివర్లో ఆపేశారు. ఇప్పటివి చేతికి వేస్తారు, నాలుగైదు విడతల్లో ముగుస్తాయి.

మెదడు, నరాలు

రేబిస్ లేదని తేలాక కూడా మెదడును మర్చిపోకూడదు. మూర్ఛ ఉన్న కుక్కలో మొదటి ఫిట్ ఎక్కువగా ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య వస్తుంది. ఫిట్‌ను ఎవరూ చూడకపోవచ్చు, అది అర్ధరాత్రి వచ్చి పోతుంది. ఇంట్లోవాళ్లకు కనిపించేది తర్వాతి గంట. కుక్క గోడలకు తగులుతూ తిరుగుతుంది, పేరు పెట్టి పిలిచినా గుర్తుపట్టదు, విపరీతంగా తింటుంది. ఫిట్ కళ్లముందే వస్తే నోట్లో చెంచా పెట్టకూడదు, ఉల్లిపాయ వాసన చూపించి ప్రయోజనం లేదు. చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, గడియారం చూస్తూ, ఫోన్‌లో వీడియో తీయాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా అది అత్యవసరం.

టీకాలు పడని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ వైరస్ మెదడుకెక్కితే దవడ ఏదో నములుతున్నట్టు ఆడుతుంది, కాలు లయగా అదురుతుంది. నిద్రలో కూడా ఆ అదురు ఆగదు. కొన్ని కుక్కలు లేని ఈగలను గాల్లో పట్టుకుంటుంటాయి. చూడటానికి నవ్వొచ్చే ఈ చేష్ట కొన్నిసార్లు మూర్ఛలో భాగం, మరికొన్నిసార్లు పొట్టలోని జబ్బు. కెనడాలో ఇలాంటి కుక్కల మీద జరిగిన చిన్న పరిశీలనలో ఎక్కువవాటికి జీర్ణకోశ సమస్యే బయటపడింది. తలను గోడకు ఆనించి అలాగే నిలబడిపోవడం మాత్రం ఏ కుక్కలోనైనా ఆటకాదు. కాలేయమో మెదడో దెబ్బతిన్నదని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పెరట్లో, వంటింట్లో

గంటల్లో వచ్చిన మార్పుకు విషం ఒక పెద్ద కారణం. మొక్కలకు కొట్టిన పురుగుమందు తగిలిన కుక్క చొంగ కారుస్తూ వణుకుతుంది, కంటిపాప చుక్కంత అవుతుంది. వానాకాలం రాత్రుళ్లు గోదురు కప్పను నోట కరిచి నురగ కక్కుతుంది. కప్ప మెడ పక్క గ్రంథుల్లోని విషం గుండెను కూడా పట్టుకోగలదు. ఎలుకల మందు తిన్న కుక్క మొదటి రోజు మామూలుగానే ఉంటుంది. రక్తం గడ్డకట్టడం ఆగిపోయి రెండు మూడు రోజుల తర్వాతే నీరసించి కూలబడుతుంది. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ, చక్కెర లేని చూయింగ్‌గమ్‌లోని జైలిటాల్ కూడా ఈ కోవలోవే. మనుషులకు వాడే నొప్పి మాత్రలు ఇవ్వడం మరో ప్రమాదం, ముఖ్యంగా ఐబుప్రొఫెన్.

గోమార్ల కోసం పశువుల మందు తెచ్చి ఉజ్జాయింపుగా పొడిచే అలవాటు కూడా మనకుంది. కోలీ వంటి కాపరి జాతుల్లో కొన్నింటికి ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదైతే మెదడులోకి చేరి తూలుడు, చూపు పోవడం, కోమా వస్తాయి. ఎండీఆర్1 అనే జన్యువులోని లోపం దీనికి కారణమని 2001లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. గోమారే స్వయంగా జ్వరం తెస్తుంది. దాని కాటుతో ఎర్లీషియా, బెబీసియా క్రిములు సోకిన కుక్క ఉషారు తగ్గి, అన్నం మానేసి, పిలిస్తే విసుక్కుంటుంది. ఇంట్లోవాళ్లు అలిగిందనుకుంటారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉంటాయి. ముక్కు నుంచి రక్తం, కాఫీ రంగు మూత్రం కనిపించేదాకా ఆగితే రక్తం ఎక్కించాల్సిన పరిస్థితి వస్తుంది.

కార్తెలు, టపాసులు

చిత్తకార్తె కుక్కల మాట తెలుగువాళ్లు తిట్టుగా వాడతారు గానీ, దాని వెనక ఉన్నది నిజమైన గమనికే. మన వీధికుక్కల్లో చాలావరకు వానలు వెనకపట్టే ఈ రోజుల్లోనే జతకడతాయి. ఇంట్లో కట్టేసిన మగకుక్కకు ఆ వాసన గాలిలోనే అందుతుంది. తిండి మానేస్తుంది, రాత్రంతా ఊళ వేస్తుంది, గోడ దూకుతుంది, సోఫా కాళ్లన్నీ తడుపుతుంది. ఆడకుక్కలో ఎద ముగిసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, కడుపు రాకపోయినా వచ్చినట్టు మార్పులు కనిపిస్తాయి. మంచం కింద దుప్పటి గీకి గూడు చేసుకుంటుంది, చెప్పునో మేజోడునో పొట్ట దగ్గర పెట్టుకుని కాపలా కాస్తుంది, తీయబోతే కరుస్తుంది. పాలు కూడా పడవచ్చు. ఇది రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. అదే సమయంలో దాహం పెరిగి, నీరసపడి, వెనక నుంచి చీము కారితే గర్భసంచికి చీము పట్టిందేమో చూడాలి. అది ప్రాణాంతకం.

ఎనిమిది నెలల వయసులో మాట వినకపోవడం మాత్రం జబ్బు కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకుల ఆధ్వర్యంలో 2020లో వెలువడిన అధ్యయనంలో, ఆ వయసు కుక్కలు ‘కూర్చో’ అంటే అయిదు నెలలప్పటికన్నా తక్కువగా విన్నాయి. తమాషా ఏమిటంటే ఆ మొండితనమంతా పెంచినవాళ్ల దగ్గరే. కొత్తవాళ్లు చెబితే విన్నాయి. టీనేజీ పిల్లలున్న ఇంట్లో దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు.

దీపావళి సంగతి అందరికీ తెలిసిందే. కుక్క చెవి దాదాపు 45 వేల హెర్ట్జ్ దాకా వింటుంది, మనిషిది 20 వేల దగ్గర ఆగుతుంది. కానీ ఏళ్లుగా టపాసులకు బెదరని కుక్క ఆరేడేళ్ల వయసులో మొదటిసారి వణికితే మళ్లీ నొప్పి దగ్గరికే రావాలి. ఉలిక్కిపడినప్పుడు కండరాలు బిగిసి కీలు నొప్పి చురుక్కుమంటుంది. ఆ నొప్పిని కుక్క చప్పుడుకు ముడిపెట్టుకుంటుంది. నొప్పికి మందిస్తే ఇలాంటి చప్పుడు భయం తగ్గిన కేసులు నమోదయ్యాయి.

ముసలితనం

పదేళ్లు దాటిన కుక్క పగలు నిద్రపోయి రాత్రుళ్లు గదంతా తిరగడం, మూలన గోడ చూస్తూ నిలబడటం, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడి ఎదురుచూడటం మతిమరుపు జబ్బు లక్షణాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో 2001లో వెలువడిన పరిశీలన ప్రకారం 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతం, 15, 16 ఏళ్లవాటిలో 68 శాతం ఇలాంటి లక్షణం ఒక్కటైనా చూపించాయి. మెదడులో పేరుకునే బీటా అమిలాయిడ్ పదార్థం మనుషుల అల్జీమర్స్‌లో కనిపించేదే. అయితే ముసలి కుక్క తడబాటు అంతా మతిమరుపు కాదు. చీకటి పడ్డాకే గుద్దుకుంటుంటే కళ్లు, నిద్రలో తాకగానే కరిస్తే చెవుడు, ఇల్లు తడుపుతుంటే కిడ్నీ, మధుమేహం ముందు చూడాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

పశువైద్యుడి గదిలో బల్ల ఎక్కగానే కుక్క వింతచేష్ట మానేస్తుంది. భయం దాని లక్షణాలన్నిటినీ కప్పేస్తుంది. కాబట్టి ఇంట్లో తీసిన వీడియోకు, మార్పు ఏ రోజు, ఏ వేళ, ఏ పని తర్వాత మొదలైందో రాసుకున్న కాగితానికి విలువెక్కువ. చివరి టీకా తేదీ, ఈమధ్య వాడిన మందులు, ఇంట్లో కొత్తగా జరిగినవి (పెయింటింగ్, కొత్త పాప, ఊరెళ్లిన మనిషి) కూడా అందులో ఉండాలి. నిద్రలో నిమిషానికి ఊపిరి 30 దాటుతోందా, చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడుతోందా అన్నవి ఇంట్లోనే చూడొచ్చు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. మే నెల మధ్యాహ్నం పగ్, హస్కీ వంటివి వగరుస్తూ తూలుతుంటే, 105 దాటితే, అది వడదెబ్బ. తడిగుడ్డ, ఫ్యాను పెట్టి చల్లబరుస్తూనే బయల్దేరాలి.

రక్తపరీక్ష, ఎక్స్‌రే, అవసరమైతే స్కానింగ్‌లతోనూ ఒంట్లో లోపం దొరకనప్పుడే భయం, ఒంటరితనం, అలవాటు వంటి కారణాల వైపు వెళ్లడం వైద్యుల పద్ధతి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఇలాంటి పరీక్షలు చాలావరకు జరుగుతాయి. ఒంటరిగా వదిలితే తలుపులు గీకే కుక్కకు ఫ్లుఆక్సెటీన్, క్లోమిప్రమిన్ వంటి మందులు వాడతారు. అవి పట్టు చూపడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మందుతోపాటు అయిదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట చొప్పున ఒంటరిగా ఉండటం మెల్లగా నేర్పాలి. కాస్త కుదుటపడగానే యజమాని తనంతట తాను మందు ఆపేయకూడదు, మోతాదును వైద్యుడే దశలవారీగా తగ్గించాలి.