సైకిల్‌కు మీటరున్నర చోటు

శనివారమైతే పావగడ శనిమహాత్మ గుడికి, ఆదివారమైతే లేపాక్షికి. రొద్దం, పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల వారాంతంలో కార్లన్నీ ఎక్కువగా ఈ రెండు దిక్కులకే. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ జాతీయ రహదారి వదిలి లేపాక్షికి మళ్ళే బెంగళూరు కార్ల మధ్య, హెల్మెట్లు పెట్టుకుని గుంపుగా సైకిళ్ళ మీద వచ్చే నగరవాసులూ ఉంటారు. వాళ్ళు రాకముందు నుంచీ ఆ రోడ్ల మీద సైకిల్ తొక్కుతున్నవాళ్ళు వేరే ఉన్నారు: వెనక గడ్డిమోపు కట్టుకున్న రైతు, బడికి పోయే ఆడపిల్ల.

కారులో ఉన్నవాళ్ళు తరచూ విసుక్కునే మాట ఒకటుంది: ‘అంత అంచు ఉండగా వీళ్ళు రోడ్డు మీదికే ఎందుకొస్తారు?’ ఆ అంచు ఎలా ఉందో కారు దిగి చూస్తే తెలుస్తుంది. తారు మీద తారు పోసి రోడ్డు పైకి లేచింది, పక్కన మట్టి కిందికి దిగింది. మట్టిలో కంపముళ్ళు. కోతల రోజుల్లో ఉలవకట్టె రోడ్డు మీదే పరిచి కళ్ళం చేస్తారు, దాని మీద చక్రం జారుతుంది. ఇవన్నీ లేకపోయినా సైకిల్‌ను అంచుకు నొక్కిపెట్టకూడదు. కారణం అది మలుపు తిరిగే తీరులో ఉంది.

సైకిల్ కుడికి తిరగాలంటే ముందు కుడికి ఒరగాలి. ఆ ఒరుగు రావడానికి మనం తెలియకుండానే హ్యాండిల్‌ను రెప్పపాటు ఎడమకు తిప్పుతాం. చక్రాలు ఎడమకు జరుగుతాయి, బరువు కుడివైపు మిగిలిపోతుంది, సైకిల్ కుడికి ఒరుగుతుంది. హ్యాండిల్ కుడికి తిరిగేది ఆ తర్వాతే. సైకిల్ నేర్చిన ప్రతివాడూ ఇది చేస్తాడు, చేస్తున్నట్టు చెప్పగలిగేవాడు అరుదు. తారు అంచున నాలుగు అంగుళాల్లో తొక్కేవాడికి ఆ ఎడమ జరుగుడుకు చోటు లేదు. కంగారుగా కుడికి రాబోతే ముందు చక్రం అంచు దిగిపోతుంది, మళ్ళీ ఎక్కబోతే ఆ గట్టుకు రాసుకుని మనిషిని రోడ్డు మీదికి పడేస్తుంది. అంచుకు రెండు మూడడుగులు వదిలి తొక్కేవాణ్ణి పొగరుబోతు అనుకోవడం అన్యాయం.

ఇక గాలి. లారీ దాటిపోయేటప్పుడు దాని ముఖం నెట్టిన గాలి సైకిల్‌ను ముందు ఎడమకు తోస్తుంది. ఆ వెంటనే లారీ పక్కన ఒత్తిడి తగ్గి కుడికి, అంటే లారీ వైపే లాగుతుంది. ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 కిలోమీటర్ల వేగానికీ 100కీ తేడా దాదాపు 2.8 రెట్లు. దూరం పెరిగేకొద్దీ మాత్రం త్వరగా తగ్గిపోతుంది.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆషాఢంలో ఇక్కడ పడమటి గాలి అంత బలంగా వీస్తుంది. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం వైపు, అంటే దక్షిణానికి తొక్కేవాడికి ఆ గాలి కుడివైపు నుంచి కొడుతుంది. పడిపోకుండా అతను కుడికి ఒరిగి తొక్కుతుంటాడు. లారీ దాటేదీ కుడివైపు నుంచే. అది పక్కకు రాగానే గాలికి అడ్డు పడుతుంది, ఆనుకున్న గాలి ఒక్కసారిగా లేకుండా పోతుంది, మనిషి లారీ వైపు ఒరుగుతాడు. ఉత్తరానికి పోయేవాడికి ఈ బెడద లేదు, అతనికి గాలి ఎడమ నుంచి వస్తుంది.

డ్రైవరు కంటి సంగతి లెక్క వేసి చూద్దాం. ముందున్నదాన్ని మనం ఎంత త్వరగా సమీపిస్తున్నామో, దాని ఆకారం పెరిగే తీరును బట్టి కన్ను పసిగడుతుంది. ఆ పెరుగుదల సెకనుకు 0.003 రేడియన్లకు, అంటే డిగ్రీలో ఆరో వంతుకు, తక్కువైతే సాధారణంగా తెలియదు. సైకిల్ మనిషి వెడల్పు అర మీటరు, వేగం 18 కిలోమీటర్లు అనుకుందాం. కారు 100తో వస్తే, దగ్గరవుతున్న వేగం డ్రైవరుకు తెలిసేది సుమారు 62 మీటర్ల దూరంలో. తేరుకోవడానికి ఒకటిన్నర సెకను, ఆపై పొడి తారు మీద గట్టి బ్రేకు వేసినా, సైకిల్‌కు తగలకుండా వేగం తగ్గించడానికి 71 మీటర్లు కావాలి. తొమ్మిది మీటర్లు లోటు. అదే కారు 60తో వస్తే 44 మీటర్ల దగ్గర తెలుస్తుంది, కావలసింది 27. మిగిలిన 17 మీటర్లే ఆ మనిషి ప్రాణం. ‘చూశాను సార్, అయినా ఆగలేదు’ అనే డ్రైవరు అబద్ధమాడుతున్నాడని నేననుకోను. అతని తప్పు చూపులో లేదు, వేగంలో ఉంది.

చీకట్లో సైకిల్ మనిషి చేతిలో ఒక చవకైన ఉపాయం ఉంది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో, చీకట్లో కీళ్ళ దగ్గర చిన్న దీపాలు పెట్టుకుని కదిలితే, ఆ చుక్కలను చూసినవాళ్ళు వెంటనే మనిషని గుర్తిస్తారని చూపించాడు. అందుకే వెనక ఎర్ర దీపంతో పాటు, చీలమండలకు మెరిసే పట్టీ కట్టుకుంటే మేలు. పైకీ కిందికీ ఆడే ఆ మెరుపు రాతి స్తంభానిది కాదు, మనిషిదని కంటికి తెలిసిపోతుంది.

సైకిల్‌ను దాటేటప్పుడు ఎంత ఎడం ఉండాలో కొన్ని దేశాలు చట్టంలోనే రాశాయి. ఫ్రాన్స్‌లో ఊళ్ళో ఒక మీటరు, బయట మీటరున్నర. జర్మనీ 2020లో ఊళ్ళో మీటరున్నర, బయట రెండు మీటర్లు చేసింది. రొద్దం రోడ్డు లాంటి ఇరుకు దారిలో ఎదురుగా బండి వస్తుంటే ఆ ఎడం దొరకదు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: హారన్ మోగించకుండా సైకిల్ వెనకే వచ్చి, ఎదురు బండి పోయాక దాటండి. ఇరవై కిలోమీటర్ల దారిలో 100కు బదులు 60తో పోతే మీకయ్యే ఆలస్యం ఎనిమిది నిమిషాలు.