పానగల్ ఉద్యానము

ప్రబంధకవికి పదునెనిమిది వర్ణనలు విధి. వానిలో నగరవర్ణనము మొదటిది, ఉద్యానవిహారమును అందొకటి. అయితే ఆ కావ్యోద్యానములలో విహరించినవారు రాజులును, రాజకన్యలును, వారి చెలికత్తెలును. ఇరుకింటి గృహస్థు ప్రొద్దు వాలిన వేళ బిడ్డను చేయిపట్టుకొని తోటకు పోవు దృశ్యము వానిలో కానరాదు. ఆ భాగ్యము అతనికి ఆధునిక నగరములలో లభించినది. చెన్నపట్టణమున త్యాగరాయనగరమందలి పానగల్ పార్కు ఇందుకు చక్కని నిదర్శనము. తెలుగువారు దానిని గూర్చి తెలిసికొనుటకు మరొక కారణమును కలదు.

నూరేండ్లకు పూర్వము నుంగంబాకము మొదలు సైదాపేట దిక్కుగా పొడవైన చెరువొకటి వ్యాపించి ఉండెడిది. దాని చెంతనే మాంబళము అను పల్లె. పట్టణమున జనము పెరుగగా, 1920 నాటి నగరనిర్మాణ చట్టము ననుసరించి, ఆ చెరువులో కొంత పూడ్చి, పల్లె భూములను కలుపుకొని, జస్టిస్ పార్టీ ప్రభుత్వము క్రొత్తపేటను నిర్మింప బూనినది. వెడల్పైన వీథులను తీర్చి, వాని నడుమ తోటకు చోటు విడిచినారు. ఇంటి స్థలములతోపాటు గాలికిని నీడకును స్థలము కేటాయించుట ఆనాటి వారి దూరదృష్టి.

త్యాగరాయనగరమను పేరు వినగానే వాగ్గేయకారుడైన త్యాగరాజస్వామి స్ఫురించుట సహజము. కాని ఈ పేట పేరు సర్ పిట్టి త్యాగరాయశెట్టి స్మారకము. తెలుగు కుటుంబమున జన్మించి, మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షత వహించిన ఆయన, 1920లో ప్రథమమంత్రి పదవి చేతికందినను వలదని విడిచినారు. 1925లో కీర్తిశేషులైనారు.

ఉద్యానమునకు పేరిచ్చిన పానగల్ రాజా, అనగా పానగంటి రామరాయణింగారు, 1866లో కాళహస్తిలో జన్మించినారు. సంస్కృతమునందు పండితులు. 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రథమమంత్రులు. దేవాలయముల ఆస్తులపై పర్యవేక్షణ నేర్పరచిన ధర్మాదాయ చట్టమును, 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఆయన పాలనాకాలపు ఫలములే. 1928 డిసెంబరులో ఆయన దివంగతులైనారు. ఆయన విగ్రహము నేటికిని ఆ తోటలో నిలిచియున్నది. జమీందారు పేరు గల తోటలో ప్రవేశమునకు కులము, హోదా అడుగువారు లేరు.

తోట విస్తీర్ణము సుమారు 8 ఎకరములు. ఉస్మాన్ రోడ్డు, పాండీ బజారు, వెంకటనారాయణ రోడ్డు, గోపతి నారాయణస్వామిశెట్టి రోడ్డు దాని చెంతకు చేరుచున్నవి. చుట్టును పట్టుచీరల దుకాణములు, నగల అంగళ్ళు; పండుగ దినములలో కాలు మోపుటకు చోటుండదు. లోపల నడకదారి, చెట్లనీడ, కూర్చుండుటకు బల్లలు. ఉదయము వైద్యుడు నడువుమన్న వృద్ధులు, మధ్యాహ్నము మూట దించుకొని సేదదీరు కూలీలు, సాయంకాలము పిల్లలు. కొద్దిదూరములో వెంకటనారాయణ రోడ్డుపై తిరుమల దేవస్థానమువారి శ్రీనివాసాలయము కలదు. తెలుగు చలనచిత్రసీమ మద్రాసున నెలకొన్న దినములలో నందమూరి తారక రామారావుగారు మొదలగు కళాకారులు ఈ పేటలోనే కాపురముండిరి. ఆ వీథులలో తెలుగు మాట అపరిచితము కాదు.

అట్టి తోటకు ఇటీవల పరీక్ష వచ్చినది. 2019లో పాండీ బజారున బాటసారులకై విశాలమైన కాలిబాటలు ఏర్పడినవి, ప్రజలు సంతసించినారు. పిమ్మట భూగర్భ మెట్రో స్టేషను నిర్మాణము నిమిత్తము తోటలో కొంత నేల పనుల కంచెలోనికి పోయినది. రైలు ప్రజలకు అవసరమే, కాదనలేము. కాని చెట్టు పెరుగుటకు పట్టు కాలము యంత్రమునకు తెలియదు. 2021 నవంబరు వానలకు ఈ పేట వీథులు నీట మునిగినప్పుడు, పూడిన చెరువు తన చోటును తాను వెదకుకొన్నట్లే తోచినది. ఇంకు నేల తరిగినకొలది నీరు వీథిని పట్టుట సహజము గదా!

ఉపాధ్యాయులు విద్యార్థులను విహారమునకై చెన్నపట్టణము కొనిపోయినప్పుడు, కడలిని, కోటను చూపిన పిదప ఒక గడియ ఇచ్చటను నిలుపుట మేలు. ఒక చెరువు కథ, ఇద్దరు తెలుగు పెద్దల చరిత్ర, నగరపాలన పాఠము అచ్చట ఒకే చెట్టునీడన చెప్పవచ్చును. విన్న బాలుడు తన ఊరికి మరలి, తన వీథి చివర మిగిలిన ఖాళీ నేలను క్రొత్త కన్నులతో చూచినచో, ఆ ప్రయాణము సార్థకము.