టీ నీళ్లకు మూత పెట్టారా?

దేశదేశాల వంటింటి గట్ల మీద మెరిసే నల్లని గెలాక్సీ గ్రానైట్‌కు పుట్టిల్లు ప్రకాశం జిల్లా చీమకుర్తి. రాయి ఏ ఊరు చేరినా పొద్దున్నే ఆ గట్టు మీద మొదలయ్యే పని దాదాపు ఒకటే... నీళ్లు కాచడం!

అక్కడే తెలియకుండా గ్యాసు ఖర్చవుతుంది. రెండు కప్పుల టీకి గిన్నెడు నీళ్లు పెట్టేస్తాం. లీటరు నీళ్లు మరగాలంటే సుమారు 10 గ్రాముల గ్యాసు కావాలి. రెండు పూటలా అరలీటరు చొప్పున ఎక్కువ పోస్తే ఏడాదికి మూడున్నర కిలోల పైమాటే. 14.2 కిలోల సిలిండరులో పావు వంతు అన్నమాట!

అందుకే నీళ్లు కప్పుతో కొలిచి పోయండి. మూత పెడితే త్వరగా మరుగుతాయి. మరిగాక పెద్దమంట దండగ. ఎంత మండించినా నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు, మిగతాదంతా ఆవిరైపోతుంది. అప్పుడే మంట తగ్గించి టీపొడి వేయాలి. పాలు పోశాక మాత్రం మూత తీసేయండి, లేదంటే పొంగిపోతాయి.

మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకకూడదు. ఆ వేడి టీకి అందదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే చీమకుర్తి లాంటి చోట వంటింట్లో ఉక్కపోతను పెంచుతుంది. మంట పసుపురంగులో వస్తుంటే బర్నరు శుభ్రం చేయించాలి. ఆలస్యంగా లేచేవారి టీ ఫ్లాస్కులో పోసి ఉంచితే మళ్లీ పొయ్యి వెలిగించే పని ఉండదు.

కరెంటు కెటిల్‌కూ ఇదే సూత్రం... ఎన్ని కప్పులు కావాలో అన్ని నీళ్లే!