రాక్‌వెల్ అరవై అంటే ఎంత?

ఉక్కు గట్టిదనాన్ని అంకెల్లో చెప్పే పద్ధతిని స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ 1900లో పారిస్ ప్రదర్శనలో చూపించాడు. 10 మిల్లీమీటర్ల ఉక్కు గుండును 3,000 కిలోల బరువుతో లోహం మీద అదిమి, పడిన గుంట వ్యాసం కొలవాలి. బరువును గుంట ఉపరితల వైశాల్యంతో భాగిస్తే బ్రినెల్ అంకె వస్తుంది. బేరింగులు చేసేవాళ్లకు ఇది కుదరలేదు. అంత గుంట పడ్డ రింగును ఎవరు కొంటారు? పైగా బాగా గట్టిపడిన ఉక్కు మీద గుండే నలిగిపోతుంది.

బేరింగుల తయారీలోనే ఉన్న అమెరికన్లు హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ 1914లో పేటెంటుకు దరఖాస్తు చేశారు; 1919లో అది చేతికొచ్చింది. గుంట వెడల్పు మానేసి లోతు చూశారు వాళ్లు. ఇప్పటి సి స్కేలులో, ముందు 10 కిలోలతో వజ్రపు మొనను లోహానికి ఆనించి ముల్లును సర్దుతారు. తర్వాత ఇంకో 140 కిలోలు వేసి, తీసేస్తారు. మొన దిగిన ప్రతి 0.002 మిల్లీమీటరుకూ 100లోంచి ఒకటి తగ్గుతుంది. 60 వచ్చిందంటే మొన దిగింది 0.08 మిల్లీమీటరే. సూక్ష్మదర్శిని అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు. షాపుల్లో ఈ యంత్రం నిలదొక్కుకున్నది అందుకే.

1920లలో ఇంగ్లండులోని వికర్స్ కంపెనీలో స్మిత్, శాండ్‌లాండ్ వజ్రపు పిరమిడ్ తెచ్చారు. దాని ఎదురెదురు ముఖాల మధ్య కోణం 136 డిగ్రీలు. బ్రినెల్ గుంట వ్యాసం గుండు వ్యాసంలో 0.375 వంతు ఉన్నప్పుడు, గుంట అంచుల దగ్గర గుండుకు గీసిన స్పర్శరేఖల మధ్య కోణం కూడా అంతే. కావాలనే అలా పెట్టారు కనుక మోస్తరు గట్టి ఉక్కులో ఈ పిరమిడ్‌తో వచ్చే వికర్స్ అంకె, బ్రినెల్ అంకె ఇంచుమించు కలుస్తాయి.

రాక్‌వెల్ మాత్రం వీటితో కలవదు. సి స్కేలులో 40 అంటే వికర్స్‌లో సుమారు 390; 60కి చేరేసరికి దాదాపు 700. ఇక్కడ లోతు, అక్కడ వైశాల్యం కొలుస్తున్నాం మరి! ఒక స్కేలు అంకెను ఇంకో స్కేలులోకి మార్చడానికి అచ్చమైన సూత్రమేదీ లేదు. ఒకే లోహాన్ని అన్ని యంత్రాల కిందా పెట్టి పరీక్షించి కట్టిన పట్టికలే ఆధారం. ఉక్కు పట్టిక ఇత్తడికి పనికిరాదు. మొన దిగేటప్పుడు కొన్ని లోహాలు చప్పున గట్టిపడతాయి, బరువు తీశాక ఒక్కో లోహం ఒక్కో మేరకు తిరిగి లేస్తుంది. పట్టికలో చూసి దశాంశాలు కూడా రాసే రిపోర్టులను నేనైతే నమ్మను. అమెరికన్ ప్రమాణం ప్రకారం, మార్చిన అంకెగా 38 సి రాస్తే, పక్కనే బ్రాకెట్లో నిజంగా కొలిచిన 353 బ్రినెల్‌ను చూపించాలి.