నగరపు నీరు, కొండ రైతు: న్యూయార్క్ పరీవాహక ప్రాంతపు భాగస్వామ్య ప్రణాళిక

న్యూయార్క్ నగరానికి నీటి సరఫరా వ్యవస్థ రోజుకు సుమారు 100 కోట్ల గ్యాలన్ల నీటిని, అంటే దాదాపు 380 కోట్ల లీటర్లను అందిస్తుంది. అందులో 90 శాతం మేర నగరానికి వాయవ్యంగా 200 కిలోమీటర్ల దూరం వరకు విస్తరించిన క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండ ప్రాంతాల జలాశయాల నుండి వస్తుంది. ఆ నీటిని క్లోరిన్‌తోనూ, అతినీలలోహిత కిరణాలతోనూ క్రిమిరహితం చేస్తారే తప్ప, ఏ వడపోత కేంద్రం గుండానూ పంపరు. సుమారు 4,100 చదరపు కిలోమీటర్ల ఆ పరీవాహక ప్రాంతంలో అడవులతో పాటు గ్రామాలు, పశువుల కొట్టాలు, పేడ చల్లే పొలాలు ఉన్నాయి. అయినా వడపోత అవసరం లేనంత నాణ్యతతో నీరు నగరానికి చేరుతున్నదంటే అందులో కొండవాలు రైతుల పాత్ర గణనీయమైనది. ఆ పాత్రను వారు తమంత తాముగా కోరి తీసుకోలేదు. మొదట వ్యతిరేకించి, పోరాడి, తమ షరతులపై అంగీకరించారు. విస్తరణ రంగంలో పనిచేసే మనకు ఈ ఉదంతంలో ఆసక్తి కలిగించేది ఆ షరతులే.

1989లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉపరితల జలాల శుద్ధిపై ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం నదులు, జలాశయాల నుండి తాగునీరు తీసుకునే నగరాలు వడపోత కేంద్రాలు నిర్మించాలి, లేదా పరీవాహక ప్రాంతాన్ని సమర్థంగా కాపాడుతున్నట్లు నిరూపించి మినహాయింపు పొందాలి. న్యూయార్క్‌కు వడపోత కేంద్రం నిర్మాణ వ్యయం 600 కోట్ల డాలర్లకు పైబడుతుందని ఆనాటి అంచనా. ఏటేటా నిర్వహణ ఖర్చు దీనికి అదనం. సహజంగానే నగరం రెండవ మార్గాన్ని ఎంచుకొని, 1990లో పరీవాహక ప్రాంతానికి ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. సాగుపైనా, పశుపోషణపైనా అందులో అనేక ఆంక్షలు ఉన్నాయి.

రైతులు వాటిని తీవ్రంగా ప్రతిఘటించారు. ఆ కొండలలో చదునైన నేల వాగుల వెంబడి మాత్రమే ఉంటుంది. వాగుకు ఇన్ని అడుగుల దూరంలో సాగు కూడదు అని ఏ నిబంధన పెట్టినా, అది రైతు చేతిలోని మేలైన భూమినే తీసుకుంటుంది. అంతకు మించిన కారణం మరొకటి ఉంది. ఈ జలాశయాల కోసం నగరం ఇరవయ్యవ శతాబ్దంలో అనేక గ్రామాలను ఖాళీ చేయించింది. 1960ల నడిమి కాలంలో నిండిన క్యానన్స్‌విల్ జలాశయం తాను ముంచిన ఊరి పేరునే మోస్తున్నది. శ్రీశైలం ముంపు గ్రామాల సంగతి తెలిసిన మన పాఠకులకు ఆ జ్ఞాపకం ఎంత కాలం నిలుస్తుందో చెప్పనక్కరలేదు. నీటి నాణ్యత గురించి నగరపు అధికారి మాట్లాడితే, ఆ లోయల వారికి మరొక స్వాధీనపు నోటీసు వినిపించింది.

ప్రతిష్టంభన తొలగించడానికి రాష్ట్ర వ్యవసాయ శాఖ చొరవతో రైతు ప్రతినిధులు, నగర జల విభాగపు అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. 1991లో ఒక అంగీకారానికి వచ్చారు. రైతుల పాల్గొనడం ఐచ్ఛికం. కాలుష్య నివారణకు అవసరమయ్యే నిర్మాణాల ఖర్చు మొత్తం నగరానిది. ప్రతి క్షేత్రానికీ విడిగా ‘సమగ్ర క్షేత్ర ప్రణాళిక’ తయారవుతుంది. ఆ ప్రణాళిక నీటిని కాపాడడంతో పాటు క్షేత్రపు ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ప్రణాళికను నగర ఉద్యోగి రాయడు. కార్నెల్ విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం, కౌంటీ స్థాయి భూ, జల సంరక్షణ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ భూసార సంరక్షణ విభాగం కలిసి రైతుతో కూర్చొని రాస్తాయి. వీటిపై రైతులే అధిక సంఖ్యలో సభ్యులుగా ఉండే పరీవాహక వ్యవసాయ మండలి ఉంటుంది. నగరం డబ్బు ఆ మండలి ద్వారానే ఖర్చవుతుంది. మొదట పది క్షేత్రాలలో పద్ధతిని పరీక్షించి చూశారు.

ఇందులో తరచుగా విస్మరించబడే అంశం ఒకటి ఉంది. ఐదేళ్లలో 85 శాతం రైతులు చేరాలి, లేకుంటే నగరం మళ్లీ ఆంక్షల దారి పట్టవచ్చు. అంటే ఒక్కొక్క రైతుకు ఇది ఐచ్ఛికం, రైతు సమూహానికి మాత్రం బాధ్యత. ‘స్వచ్ఛంద భాగస్వామ్యం’ విజయగాథగా దీనిని వర్ణించే ఉపన్యాసాలలో ఈ రెండవ సగం సాధారణంగా జారిపోతుంది. నా అభిప్రాయంలో ఆంక్ష నేపథ్యంలో లేకుండా ఆ లక్ష్యం నెరవేరేది కాదు. అయితే ఇరుగుపొరుగును ఒప్పించే పని అధికారి భుజం మీది నుండి రైతు మండలి భుజం మీదికి మారింది. 1997 నాటికి లక్ష్యాన్ని దాటారు. అదే ఏడాది జనవరిలో నగరం, రాష్ట్రం, కేంద్ర సంస్థ, కొండ ప్రాంతపు పురపాలికలు, పర్యావరణ సంఘాలు కలిసి విస్తృతమైన ఒప్పందంపై సంతకాలు చేశాయి. రక్షణ కోసం భూమి కొనవలసి వస్తే, అమ్మడానికి ఇష్టపడే వారి నుండే కొనాలన్నది అందులోని ముఖ్య నియమం.

ఇక శాస్త్ర విషయానికి వద్దాం. ఒప్పందం నిలిచిందంటే పరిశోధన చూపిన మార్గాలు రైతు అనుభవానికి దగ్గరగా ఉండడం కూడా కారణమే.

మొదటి భయం వ్యాధికారకాలది. 1993లో మిల్‌వాకీ నగరంలో క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి తాగునీటిలో చేరి సుమారు నాలుగు లక్షల మంది అస్వస్థులయ్యారు. తొలి అనుమానం పాడి పశువుల మీదికి మళ్లింది. తరువాతి జన్యు పరీక్షలు అది మనుషుల నుండి వచ్చిన రకమని సూచించాయి గాని, అప్పటికే పాడి రైతు దోషి స్థానంలో నిలబడ్డాడు. కార్నెల్ పశువైద్య పరిశోధన ఈ సమస్యను చాలా చిన్నదిగా కుదించింది. ఈ పరాన్నజీవిని ఎక్కువగా విసర్జించేవి మొత్తం మంద కాదు, నెల రోజుల లోపు దూడలు. కనుక వందల ఎకరాలపై ఆంక్షలకు బదులు దూడలకు గాలి, వెలుతురు సోకే ప్రత్యేక పాకలు కట్టి, వాటి పేడను వాగుకు దూరంగా వేరుగా ఉంచితే ముప్పులో పెద్ద భాగం తగ్గుతుంది. దూడల ఆరోగ్యం మెరుగుపడడం రైతుకు అదనపు లాభం.

రెండవది భాస్వరం. జలాశయంలో భాస్వరం పెరిగితే నాచు పెరుగుతుంది. నాచు కుళ్లిన నీటికి క్లోరిన్ కలిపితే హానికరమైన ఉప పదార్థాలు ఏర్పడతాయి. ఈ భాస్వరం పొలంలో ఎక్కడి నుండి కదులుతున్నదన్న ప్రశ్నకు కార్నెల్ నేల, జల విభాగపు పరిశోధకులు ఇచ్చిన సమాధానం నాకు ఈ మొత్తం ఉదంతంలో అత్యంత విలువైనదిగా తోస్తుంది. అక్కడి వాలు నేలలు పలుచనివి. వాటి అడుగున నీటిని దిగనివ్వని గట్టి పొర ఉంటుంది. వాన నీరు నేలలోకి ఇంకి, ఆ పొర మీదుగా పక్కకు జారి, వాలు అడుగున పోగవుతుంది. అక్కడ నేల సంతృప్తమైన తరువాత పడిన ప్రతి చినుకూ ఉపరితల ప్రవాహమే. అంటే ప్రవాహం పొలమంతటి నుండీ పుట్టదు. కొద్దిపాటి తడి మడుల నుండి పుడుతుంది. ఆ మడులు మంచు కరిగే వసంతంలో విస్తరించి, వేసవిలో కుంచించుకుపోతాయి. నేల రకం, పంట రకం చూసి ప్రవాహాన్ని లెక్కగట్టే పాత సూత్రాలకు ఈ స్థల భేదం అందదు.

దీని పర్యవసానం సులభం. భూసార పరీక్షలో భాస్వరం అధికంగా తేలిన గట్టు పొలం కంటే, మధ్యస్థంగా తేలిన పల్లపు మూల ప్రమాదకరం కావచ్చు. శీతకాలంలో కూడా రోజూ పేడ చల్లక తప్పని చోట, ‘చల్లవద్దు’ అనడం కంటే ‘ఈ నెలలో ఈ మూల మాత్రం వదిలివేయండి’ అనడం రైతు వినగల మాట. ఆ మూల ఏదో రైతుకు ముందే తెలుసు. ట్రాక్టరు దిగబడేది అక్కడే.

మూడవ మార్గం దాణా తొట్టిలో దొరికింది. పాడి ఆవు ఆహారంలో పొడి పదార్థంలో 0.32 నుండి 0.38 శాతం భాస్వరం చాలునని 2001లో అమెరికా జాతీయ పరిశోధన మండలి పశుపోషణ సిఫార్సులు సూచించాయి. ఆచరణలో అంతకు మించి పెట్టడం పరిపాటి. మిగిలినదంతా పేడలోకే పోతుంది. డెలావేర్ కౌంటీ విస్తరణ సిబ్బంది రైతులతో దాణా లెక్కలు సరిచేయించారు, సొంత పశుగ్రాసం వాడకం పెంచారు. కొన్న దాణాతో పాటు క్షేత్రంలోకి వచ్చే భాస్వరం తగ్గింది. వాగు ఒడ్డున కంచె కట్టడం కంటే ఇది చవక.

ఫలితాలను కొలవడం మాత్రం అంత సులభం కాలేదు. ఒక పాడి క్షేత్రాన్ని, సమీపంలోని అడవి పరీవాహకంతో జంటగా పోల్చి ఏళ్ల తరబడి సాగించిన అధ్యయనం 2005లో ప్రచురితమైంది. వానల సమయపు ప్రవాహంలో కరిగిన భాస్వరం సుమారు 43 శాతం, మట్టి రేణువులతో కొట్టుకుపోయే భాస్వరం సుమారు 29 శాతం తగ్గినట్లు అది చూపింది. కాని అది ఒక్క క్షేత్రం. జలాశయం స్థాయిలో, అదే కాలంలో నగరం తన ఖర్చుతో మురుగునీటి శుద్ధి కేంద్రాలను కూడా ఆధునికీకరించింది. మెరుగుదలలో రైతుల వాటా ఎంత, మురుగునీటి కేంద్రాల వాటా ఎంత అని కచ్చితంగా విడదీయడం కష్టం. కట్టిన పేడ గుంతకు మరమ్మతు ఎవరిది, రైతు మందను అమ్మేస్తే ప్రణాళిక ఏమవుతుంది అనే చిక్కులు ఎడతెగనివి. పాల ధరలు పడిపోయినప్పుడల్లా కొట్టాలు మూతపడతాయి. కొట్టం మూతపడిన చోట ఇళ్ల స్థలాలు వెలిస్తే నీటికి మేలు జరుగుతుందని చెప్పలేము. నగరానికి దగ్గరగా ఉండి శివారుగా మారిపోయిన క్రోటన్ పరీవాహకం ఇందుకు నిదర్శనం. ఆ నీటికి చివరికి 300 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి వడపోత కేంద్రం కట్టవలసి వచ్చింది. పాడి రైతు నిలబడడమే నీటికి రక్షణ అన్న వాదన నగరపు లెక్కల పుస్తకంలోకి అలా ప్రవేశించింది.

క్రోటన్ ప్రస్తావన రాగానే హైదరాబాదు జ్ఞాపకం రాక మానదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నియంత్రించింది. శివారు విస్తరణను అరికట్టే ఉద్దేశం సరైనదే. అయితే అది నిషేధాల భాషలో వ్రాసిన పత్రం. భూమిని సాగులోనే ఉంచుకున్న రైతుతో నగరం కుదుర్చుకున్న ఒప్పందం కాదు. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. ఆ గ్రామాలలో ఎరువుల వాడకం ఎంత, ఏ మడుల నుండి ఏ వానకు నీరు పారి చెరువులో చేరుతుంది, కోళ్ల, పశువుల పెంట ఎక్కడ పోగవుతుంది అన్న పటాన్ని రైతులతో కలిసి గీయడానికి ఒక పరిశోధక విద్యార్థికి రెండు వానాకాలాలు పట్టవచ్చు. నగరం ఆ రైతుకు ఎంత చెల్లించాలన్న ప్రశ్న ఆ పటం చేతికి వచ్చిన తరువాతి మాట.